పెత్తనం వేరు, పెద్దరికం వేరు



ఈ నెల విషయం నాకు ఇచ్చింది నా పాత విద్యార్థి ఒకడు. జొహోర్‌లో ఉంటాడు. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి మోటార్‌సైకిల్ తీసి, రెండో వంతెన దాటి, సింగపూర్‌లోని తువాస్‌కు పనికి వెళతాడు. పదేళ్ళు వెల్డర్‌గా పనిచేశాడు. ఈ మధ్య సూపర్‌వైజర్‌ని చేశారు. అతని కింద పద్నాలుగు మంది ఉన్నారు.

"టీచర్, పని నాకు వచ్చు. మనుషులను నడిపించడమే రాదు. కోర్సుకు పంపారు. రెండు రోజులు స్లైడ్లు చూపించారు. బయటికి వచ్చాక ఒక్కటీ గుర్తులేదు. మీరు నలభై మంది పిల్లలను ఎలా నడిపిస్తారు?" అని అడిగాడు.

కోర్సులు వద్దని నేను అనను. కానీ నాయకత్వం అనేది ఏడాదికి ఒకసారి వేసుకునే పట్టుచొక్కా కాదు. రోజూ తొడుక్కునే పనిబట్టలాంటిది. చిన్న చిన్న అలవాట్లతోనే వస్తుంది. ఆ అలవాట్ల గురించి, వాటి వెనుక ఉన్న తెలుగు మాటల గురించి ఈసారి చెప్పుకుందాం.

తువాస్ అనే పేరు

సింగపూర్ పటం తీయండి. పడమటి చివర చూడండి. అదే తువాస్. ఫ్యాక్టరీలు, ఓడలు బాగుచేసే యార్డులు, కార్మికులు ఉండే పెద్ద పెద్ద భవనాలు అక్కడ కనిపిస్తాయి. మలేసియాను తువాస్‌తో కలిపే రెండో వంతెనను 1998 జనవరిలో తెరిచారు. తువాస్ లింక్ దాకా రైలు 2017 జూన్‌లో వచ్చింది. 2022 సెప్టెంబరు 1న అక్కడి కొత్త ఓడరేవును ప్రారంభించారు. అందులో సరుకు మోసే బండ్లకు డ్రైవర్లు ఉండరు.

ఇంత పెద్ద చోటు ఒకప్పుడు జాలరి పల్లె. తువాస్ అనే పేరు మలయ్ భాషలో ఒక రకం చేపల వేట నుంచి వచ్చిందని చెబుతారు. జాలరులు కొబ్బరి మట్టలు, ఆకుల కొమ్మలు నీళ్ళ మీద వేసి నీడ చేసేవారు. ఎండకు తాళలేక చేపలు ఆ నీడకు చేరేవి. నీడ అడుగున వల ఉండేది. చేపలు నిండగానే వలను పైకి లేపేవారు.

ఈ కథ నాకు చాలా ఇష్టం. పై మనిషి కూడా నీడలాంటివాడే. కొత్త దేశంలో, తెలియని పనిలో ఉన్నవాడు ఎవరో ఒకరి నీడకు చేరతాడు. అడగవలసిన ప్రశ్న ఒక్కటే. ఆ నీడ కింద వల ఉందా, లేదా?

మన తాతల పై మనుషులు

మన పత్రిక చదివేవారిలో చాలామంది ముత్తాతలు ఒప్పందం మీద ఓడ ఎక్కినవారే. కొందరు మారిషస్‌కు, కొందరు నటాల్‌కు, కొందరు ఫిజీకి, కొందరు మలయాకు వెళ్ళారు. చెరకు తోటలలో వారి పై మనిషి పేరు సర్దార్. మలయాలో ఆ పేరు కంగాణి. తెలుగువాళ్ళు ఇంట్లో మేస్త్రి అనేవారు.

కంగాణి తమిళ మాట. కనిపెట్టి చూసేవాడు అని అర్థం. మలయాలో ఒప్పందపు కూలీ పద్ధతి 1910లో ఆగిపోయింది. ఆ తర్వాత కంగాణి పద్ధతే ముఖ్యమైంది. తోట దొర తన కూలీలలో ఒకడిని ఎంచి, డబ్బిచ్చి, అతని సొంత ఊరికి పంపేవాడు. అతను తన చుట్టాలను, ఊరివాళ్ళను వెంటబెట్టుకొని వచ్చేవాడు. 1938లో భారత ప్రభుత్వం ఆపేదాకా ఇలా సాగింది. బాగాన్ దాతో కొబ్బరి తోటలలో తెలుగు కుటుంబాలు స్థిరపడింది ఈ కాలంలోనే.

తెల్లవారకముందే కూలీలందరూ వరుసగా నిలబడి హాజరు చెప్పాలి. తోటల భాషలో దాన్ని పెరట్టు అనేవారు. పనికి వచ్చిన మనిషికి ఇంత అని లెక్కగట్టి కంగాణికి తలకాసు ఇచ్చేవారు. ఒంట్లో బాగాలేనివాడు పాకలో పడుకుంటే కంగాణి కాసు తగ్గుతుంది. అందుకే జ్వరంతో ఉన్నవాడిని కూడా వరుసలోకి లాగే కంగాణులు ఉండేవారు. నీడ కింద వల అంటే ఇదే.

అయితే అందరూ అలాంటివారు కాదు. పెళ్ళిళ్ళు చేసినవారు, గుడి కట్టించినవారు, దొర దగ్గరికి వెళ్ళి కూలీల తరఫున మాట్లాడినవారు కూడా కంగాణులలో ఉన్నారు. పదవి ఒక్కటే. అలవాట్లు వేరు.

మేస్త్రి అనే మాటకు ఒక తమాషా కథ ఉంది. అది పోర్చుగీసు వాళ్ళ దగ్గర నుంచి మనకు వచ్చింది. మాస్టారు అనే మాట ఇంగ్లీషు నుంచి వచ్చింది. రెండింటికీ మూలం ఒకే లాటిన్ మాట. మేస్త్రి, మాస్టారు ఒక తల్లి పిల్లలు. కాబట్టి వెల్డింగ్ మేస్త్రి బడి టీచర్‌ను సలహా అడగడంలో వింత ఏమీ లేదు.

పెత్తనం, పెద్దరికం కూడా అలాంటివే. రెండూ పెద్ద అనే మాట నుంచే పుట్టాయి. పెద్దతనమే నోట నలిగి పెత్తనం అయింది. ఇప్పుడు పెత్తనం అంటే ఇతరుల మీద అధికారం చూపడం. పెద్దరికం అంటే నలుగురూ తమంతట తాము ఇచ్చే గౌరవం. పెత్తనం కంపెనీ ఇస్తుంది. పెద్దరికం కింద పనిచేసేవాళ్ళు ఇస్తారు.

ఒకటో అలవాటు: పేరు పెట్టి పిలవడం

నటాల్‌లో దిగిన ప్రతి ఒప్పందపు కూలీకి ఒక నంబరు ఇచ్చేవారు. మారిషస్‌లో కూడా అంతే. ఈనాడు మన కుటుంబాల చరిత్ర వెతుక్కునేవారు ఆ నంబర్ల సాయంతోనే వెతుకుతున్నారు. అది మనకు ఉపయోగపడుతోంది, నిజమే. కానీ బతికి ఉన్న మనిషిని నంబరుతో పిలిస్తే అతనికి ఎలా ఉంటుంది?

తువాస్‌లో కార్మికుడికి పర్మిట్ నంబరు ఉంటుంది, హెల్మెట్ మీద మరో నంబరు ఉంటుంది. "ఏయ్, నువ్వు!" అని పిలిచే సూపర్‌వైజర్లు ఉన్నారు. మొదటి వారంలోనే పద్నాలుగు పేర్లు నేర్చుకోమని నా విద్యార్థికి చెప్పాను. పేరు మాత్రమే కాదు. దాన్ని సరిగ్గా పలకాలి. బంగ్లాదేశ్ అబ్బాయి పేరును, మయన్మార్ అబ్బాయి పేరును వాళ్ళ నోటనే రెండుసార్లు విని నేర్చుకోవాలి. సింహాచలం, అప్పలసామి అనే మన పేర్లను గుమాస్తాలు ఎలా విరిచి రాశారో మనకు తెలుసు కదా.

పేరుతో పాటు ఇంటి సంగతి ఒకటి తెలుసుకోవాలి. 2020 మార్చిలో మలేసియా సరిహద్దు మూసేశారు. 2022 ఏప్రిల్ 1న గానీ భూమార్గం పూర్తిగా తెరుచుకోలేదు. రోజూ ఇంటికి వెళ్ళి వచ్చేవాళ్ళు సింగపూర్‌లోనే నెలల తరబడి ఉండిపోయారు. కిటికీ నుంచి చూస్తే జొహోర్ దీపాలు కనిపించేవి. అమ్మను చూడటానికి దారి లేదు. ఆ రోజుల్లో "మీ అమ్మగారికి ఎలా ఉంది?" అని ఒక్క మాట అడిగిన సూపర్‌వైజర్‌ను వాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు.

రెండో అలవాటు: "అర్థమైందా?" అని అడగకపోవడం

బడిలో ముప్పై ఏళ్ళుగా నేను చూస్తున్నది ఇది. "అర్థమైందా?" అని అడిగితే తరగతి అంతా "అయింది టీచర్" అంటుంది. పరీక్ష పెడితే సగం మందికి అర్థం కాలేదని తెలుస్తుంది. పిల్లలు అబద్ధం చెప్పడం లేదు. నలుగురి ముందు కాలేదు అనడానికి వారికి సిగ్గు.

సింగపూర్‌లో పని మొదలుపెట్టే ముందు పది పదిహేను నిమిషాలు టూల్‌బాక్స్ మీటింగ్ ఉంటుంది. ఈ రోజు పని ఏమిటి, ప్రమాదం ఎక్కడ ఉంది, ఏ పరికరం వేసుకోవాలి అని చెబుతారు. తమిళం, బెంగాలీ, చైనీస్, ఇంగ్లీషు అన్నీ కలిసిపోతాయి. చివర "ఓకే?" అంటారు. అందరూ "ఓకే బాస్" అంటారు. సంతకం పెడతారు. ఆ ఓకేకు, మా తరగతిలోని "అయింది టీచర్"కు తేడా లేదు.

అందుకే ప్రశ్న మార్చాలి. "ఈ వాల్వ్‌ను ముందు ఎలా మూస్తావో చూపించు." "గ్యాస్ వాసన వస్తే మొదట ఏం చేస్తావు?" ఇలా అడిగితే అవును, కాదు అని చెప్పి తప్పించుకోవడం కుదరదు. తెలుగులో ఏమిటి, ఎలా, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎవరు అనే ఆరు మాటలు ఉన్నాయి. మంచి మేస్త్రికి ఈ ఆరు చాలు. చివర దీర్ఘం తీసి అడిగే ప్రశ్నలు, అంటే అయిందా, వచ్చిందా, చూశావా లాంటివి, తగ్గించుకోవాలి.

మనలో "చెప్పేవాడికి వినేవాడు లోకువ" అని ఒక సామెత ఉంది. లోకువ అంటే చులకన. వినేవాడిని చులకన చేయకుండా చెప్పాలంటే ముందు అతని నోట వినాలి.

ఇక్కడ నా విద్యార్థి ఒక మంచి సంగతి చెప్పాడు. అతని గుంపులో శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన ఇద్దరు ఉన్నారు. ఏది అడిగినా తల ఊపేవారు. ఒక రోజు ఇతను వాళ్ళ మామ్మలాగా "ఏటి? ఏటయింది?" అని అడిగాడు. వాళ్ళు ఒక్కసారి నవ్వి, "అన్నా, నువ్వు మనోడివా?" అన్నారు. ఆ పూటే, ఒక నిచ్చెన కాలు వదులుగా ఉందని వాళ్ళే వచ్చి చెప్పారు. మా గుడి తరగతిలో మాస్టారు ఏటి అనే మాటను ఏమిటి అని దిద్దేవారు. రాసేటప్పుడు ఏమిటి అనే రాద్దాం. కానీ మీ ఇంట్లో ఏటి ఉంటే దాన్ని పారేయకండి. అది నూరేళ్ళు సముద్రం అవతల బతికి, మళ్ళీ తన ఊరి మనిషిని కలుసుకుంది.

మూడో అలవాటు: చెడ్డ వార్త తెచ్చినవాడికి కుర్చీ వేయడం

ఇది అన్నిటికన్నా ముఖ్యమైనది. ప్రాణాలతో ముడిపడి ఉన్నది.

2021 ఫిబ్రవరి 24న తువాస్ అవెన్యూ 11లో ఒక వర్క్‌షాప్‌లో పేలుడు జరిగింది. ముగ్గురు కార్మికులు చనిపోయారు. ఏడుగురు గాయపడ్డారు. అగ్ని నుంచి రక్షించే సామగ్రి తయారు చేసే చోటు అది. బంగాళాదుంప పిండిని కలిపే ఒక యంత్రం చుట్టూ ఉన్న నూనె బాగా వేడెక్కి, పేలి, ఆ తర్వాత గాలిలోకి లేచిన పిండికి కూడా మంట అంటుకుంది. పిండి మండుతుందా అని మనం అనుకుంటాం. సన్నని పొడి గాలిలో నిండి ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే మండుతుంది. అంతకు ముందే ఆ యంత్రం నుంచి నూనె కారిందని, చిన్న మంట కూడా లేచిందని విచారణలో బయటపడింది.

2004 ఏప్రిల్ 20న సింగపూర్‌లోని నికోల్ హైవే దగ్గర రైలు సొరంగం పని జరుగుతుండగా నేల కుంగిపోయింది. నలుగురు చనిపోయారు. అక్కడ కూడా ముందే సూచనలు కనిపించాయి. గోడలు అనుకున్నదానికన్నా ఎక్కువ కదిలాయి. ఆ రోజు ఉదయం ఇనుప దూలాల నుంచి చప్పుడు వినిపించింది. చనిపోయినవారిలో ఒక ఫోర్‌మన్ ఉన్నాడు. తన మనుషులను బయటికి పంపుతూ తాను లోపల ఉండిపోయాడు. అతని శరీరం దొరకలేదు. పెద్దరికం అనే మాటకు ఇంతకన్నా బరువైన ఉదాహరణ నాకు తెలియదు.

ఇలాంటి ప్రమాదాల తర్వాత సింగపూర్ చట్టం మార్చింది. 2006 మార్చిలో కొత్త భద్రతా చట్టం వచ్చింది. ప్రమాదాన్ని సృష్టించేవారు, దాన్ని అదుపు చేయగలిగినవారు బాధ్యులు అని అది చెబుతుంది. 2022లో పని చోట్ల 46 మంది చనిపోయారు. ఆ సంవత్సరం సెప్టెంబరు నుంచి కొన్ని నెలల పాటు ప్రభుత్వం నియమాలను మరింత గట్టిగా అమలు చేసింది. పెద్ద ప్రమాదం జరిగితే కంపెనీ పెద్దే స్వయంగా వచ్చి జవాబు చెప్పాలన్నది. 2023లో మృతుల సంఖ్య 36కు తగ్గింది. తగ్గిన పది అంటే పది ఇళ్ళు.

చట్టం పైనుంచి వస్తుంది. సూచన మాత్రం కింది నుంచి వస్తుంది. నూనె కారడం మొదట చూసేది యంత్రం పక్కన నిలబడినవాడే. అతను వచ్చి చెప్పాలి. చెప్పినప్పుడు సూపర్‌వైజర్ మొహం ఎలా ఉంటుందో అతను చూస్తాడు. విసుగు కనిపిస్తే ఇక ఎప్పుడూ చెప్పడు. ఒక్కసారి విసుక్కుంటే చాలు, పది వార్తలు ఆగిపోతాయి.

అందుకే చెడ్డ వార్త విన్నప్పుడు నోట వచ్చే మొదటి మాటను ముందే సిద్ధం చేసుకోవాలి. "చెప్పినందుకు మంచిది. పద, చూద్దాం." ఇంతే. "ఎవడు చేశాడు?" అనేది మొదటి మాట కాకూడదు. అతను చెప్పింది తప్పు అని తేలినా సరే, మళ్ళీ చెప్పు అనాలి. పది పొరపాటు హెచ్చరికలకు పోయేది గంట సమయం. వినకుండా వదిలేసిన ఒక్క నిజమైన హెచ్చరికకు పోయేది ఏమిటో తువాస్‌కు తెలుసు.

నాలుగో అలవాటు: రోజూ ఒక నడక

జపాన్ ఫ్యాక్టరీలలో గెంబా అనే మాట వాడతారు. అసలు పని జరిగే చోటు అని అర్థం. మేనేజర్ రోజూ అక్కడికి నడిచి వెళ్ళాలి అంటారు. కంగాణి కూడా రోజంతా చూస్తూనే ఉండేవాడు కదా, తేడా ఏమిటి అని మీరు అడగవచ్చు. కంగాణి తప్పు పట్టడానికి చూసేవాడు. మంచి మేస్త్రి పనికి అడ్డం ఏమిటో తెలుసుకోవడానికి చూస్తాడు. "ఎంత అయింది?" అని కాదు, "ఏం కావాలి?" అని అడుగుతాడు.

ఎండ విషయం చూడండి. 2023 అక్టోబరు నుంచి సింగపూర్‌లో ఒక నియమం ఉంది. ఎండ, తేమ, గాలి కలిపి కొలిచే వేడి 32 డిగ్రీలకు చేరితే, ఎండలో బరువైన పని చేసేవారికి గంటకు కనీసం 10 నిమిషాలు విశ్రాంతి ఇవ్వాలి. నియమం గోడ మీద ఉంటుంది. కానీ కొత్తగా వచ్చిన కుర్రవాడు తనంతట తాను నీడకు వెళ్ళడు. సోమరి అనుకుంటారని భయం. సూపర్‌వైజర్ ముందు వెళ్ళి కూర్చొని, నీళ్ళ సీసా తీసి, "రా, కూర్చో" అంటే అప్పుడు వస్తాడు. నీడ చూపించడం నియమం పని. నీడలోకి పిలవడం మనిషి పని.

ఐదో అలవాటు: మేము కాదు, మనం

తెలుగు నేర్చుకునేవారికి ఇది చాలా అందమైన పాఠం. మేము అంటే వింటున్నవాడు అందులో లేడు. మనం అంటే వింటున్నవాడు కూడా ఉన్నాడు. మలయ్‌లో కామి, కితా అనే మాటలకు కూడా ఇదే తేడా. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట. అందుకే ఇంగ్లీషులో మీటింగ్ పెట్టే మేనేజర్ ఎవరిని కలుపుకుంటున్నాడో, ఎవరిని వదిలేస్తున్నాడో తెలియదు. తెలుగులో దాచలేం.

"మేము నిర్ణయించాం. మీరు చేయండి." ఇది పెత్తనం.

"మనం ఏం చేద్దాం?" ఇది పెద్దరికం.

చేద్దాం, చూద్దాం, వెళదాం, ఆపుదాం. ఈ క్రియలు మనం అనే మాటతోనే కలుస్తాయి. మేము చేద్దాం అని ఎవరూ అనరు. పని చోట వీటిలో విలువైనది ఆపుదాం. అనుమానం వచ్చినప్పుడు ఆ మాట ఎవరైనా అనగలగాలి. వయసులో చిన్నవాడు కూడా అనగలగాలి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మనం అనే మాటతో మోసం కూడా చేయవచ్చు. "ఈ రోజు మనం రాత్రి దాకా ఉండాలి" అని చెప్పి తాను ఐదింటికే ఇంటికి వెళ్ళే మేనేజర్లు ఉన్నారు. అలాంటి మనం కన్నా నిజాయితీగల మీరు నయం. మనం అన్నవాడు కూడా ఉండాలి.

నలుగురిలో మెచ్చుకోవాలి, చాటుగా మందలించాలి అనేది కూడా దీనిలో భాగమే. చాటుగా అంటే ఇతరులకు కనపడకుండా. నలుగురిలో తిట్టు తిన్నవాడు ఆ రోజు నుంచి మనం అనే మాటలో ఉండడు.

ఆరో అలవాటు: సాయంత్రం మూడు వరుసలు

పని ముగిశాక ఐదు నిమిషాలు చాలు. చిన్న పుస్తకంలో మూడు వరుసలు రాయాలి. ఈ రోజు ఎవరు ఏం అడిగారు? నేను ఏం మాట ఇచ్చాను? రేపు మొదట ఏం చేయాలి?

మాట ఇవ్వడం సులభం. "కొత్త గ్లవ్స్ తెప్పిస్తాను", "నీ సెలవు సంగతి ఆఫీసులో అడుగుతాను" అని నడుస్తూ నడుస్తూ అంటాం. మనం మరిచిపోతాం. అడిగినవాడు మరిచిపోడు. పని కాకపోయినా సరే, "అడిగాను, ఇప్పుడు కాదన్నారు" అని వెళ్ళి చెప్పాలి. మాట నిలబెట్టుకోవడం అంటే ప్రతిసారీ పని సాధించడం కాదు. జవాబు తీసుకొని తిరిగి రావడం. తోటలలో కంగాణి దొరకు లెక్క చెప్పేవాడు. ఈనాటి మేస్త్రి ఇద్దరికీ లెక్క చెప్పాలి. పైవారికీ చెప్పాలి, కిందివారికీ చెప్పాలి.

ఇంకొక మాట

ఇవి తువాస్ ఫ్యాక్టరీలకు మాత్రమే అనుకోకండి. మన సంఘాలలో, గుడి కమిటీలలో కూడా ఇదే కథ. యువకులు రావడం లేదని ప్రతి సభలో బాధపడతాం. వచ్చినవారిని పేరుతో పిలుస్తున్నామా? వారి తెలుగులో తప్పు దొరికితే నలుగురిలో నవ్వుతున్నామా? వారు చెప్పింది విని "చూద్దాం" అంటున్నామా, లేక "మేము ఎప్పుడూ ఇలాగే చేస్తాం" అంటున్నామా? "నోరు మంచిదైతే ఊరు మంచిది" అన్నారు పెద్దలు. ఊరు దాటి వచ్చి నూరేళ్ళయిన మనకు ఆ నోరే ఊరు.

ఆరు అలవాట్లూ ఒకేసారి మొదలుపెట్టకండి. ఒక నెలకు ఒకటి తీసుకోండి. మొదటిది పేర్లతో మొదలుపెడితే సులభంగా ఉంటుంది.

ఈ నెల మాటలు

పెత్తనం: ఇతరుల మీద అధికారం చూపడం.
పెద్దరికం: పెద్దవారికి తగిన నడవడి, దానికి దొరికే గౌరవం.
మేస్త్రి: పనివాళ్ళకు పని చూపించి చేయించేవాడు.
లోకువ: చులకన, తక్కువ చూపు.
చాటుగా: ఎవరికీ కనపడకుండా.
మందలించు: మెల్లగా కోప్పడి బుద్ధి చెప్పు.
హెచ్చరిక: ప్రమాదం రాకముందే చెప్పే మాట.
మాట నిలబెట్టుకొను: చెప్పినట్టు చేయు.

ఇంటి పని

1. ఈ వాక్యాలలో మనం రావాలా, మేము రావాలా? "అమ్మా, ... బడికి వెళ్ళి వస్తాం." "రండి, ... కలిసి భోజనం చేద్దాం." "... మలేసియా నుంచి వచ్చాం. మీరు ఎక్కడి నుంచి వచ్చారు?"

2. "అర్థమైందా?" అనే ప్రశ్నను ఎలా, ఎక్కడ, ఎందుకు అనే మాటలతో మూడు విధాలుగా మార్చి రాయండి.

3. మీ ఇంట్లో పెద్దవారిని అడగండి. మన కుటుంబం వచ్చిన తోటలో పై మనిషిని ఏమని పిలిచేవారు? సర్దారా, కంగాణా, మేస్త్రా? అతని గురించి వారికి గుర్తున్నది ఐదు వాక్యాలలో తెలుగులో రాయండి. తప్పులు ఉన్నా పరవాలేదు. బాగున్న జవాబులను వచ్చే నెల ఈ పేజీలో చదువుదాం.